‘అనుమానం’ అన్న మాటకు ఏ కోడు రాస్తారు?

(కర్నూలులో సైకియాట్రీ పీజీ విద్యార్థుల ముందు ఒక సీనియర్ మానసిక వైద్యుడు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకు వినపడుతోందా? వినపడకపోతే చెయ్యెత్తండి, మైకు దగ్గరగా పెట్టుకుంటాను. అనంతపురం నుంచి, కడప నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చినవాళ్ళు ఉన్నారని తెలుసు. మీ టైమ్ వృథా చేయను.

నాకిచ్చిన టాపిక్ ‘సైకియాట్రీ శిక్షణలో డయాగ్నోస్టిక్ క్లాసిఫికేషన్’. అంటే జబ్బులకు పేర్లు, కోడ్లు ఇచ్చే పుస్తకాలు, ప్రపంచ ఆరోగ్య సంస్థది ఐసీడీ, అమెరికా సైకియాట్రిస్టుల సంఘానిది డీఎస్ఎం. ఎన్ని లక్షణాలు, ఎన్ని రోజులు, ఏది ఉండాలి, ఏది ఉండకూడదు అనే నియమాలు, అంటే క్రైటీరియా, ఇవన్నీ మీకు నాకంటే బాగా నోటికొచ్చు, పరీక్ష దగ్గరికొచ్చింది కాబట్టి. అవి నేను మళ్ళీ చెప్పను. నేను ఒక్క మాట గురించి మాట్లాడదామని వచ్చాను. ఆ మాట ‘అనుమానం’.

నేను పీజీ రెండో సంవత్సరంలో ఉన్నప్పుడు ఒక పల్లె నుంచి ఒక తండ్రి కొడుకును తీసుకొచ్చాడు. కుర్రాడికి ఇరవై, ఇరవై రెండేళ్ళు ఉంటాయి. తండ్రి చెప్పింది నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. ‘వాడికి అనుమానం సార్. అన్నిటికీ అనుమానమే. వాళ్ళమ్మ చేత్తో పెట్టిన అన్నం కూడా తినడు, విషముందేమో అంటాడు.’ నేను ఏం రాశాను? కేస్ షీట్‌లో ఇంగ్లీషులో ‘సస్పీషియస్‌నెస్’ అని రాశాను. దాని కింద ‘డెల్యూషన్ ఆఫ్ పాయిజనింగ్’, అంటే విషం పెడుతున్నారన్న గట్టి భ్రమ, అని రాశాను. నెలకు పైబడి ఉంది, పని మానేశాడు, ఎవరితో మాట్లాడడు, స్నేహితుల్ని వదిలేశాడు. ఇంకేం కావాలి? పారనాయిడ్ స్కిజోఫ్రెనియా అని రాసి, ఆ జబ్బుకిచ్చే హాలోపెరిడాల్ మొదలుపెట్టాం. రౌండ్స్‌లో ఎవరూ కాదనలేదు. ఎందుకు కాదంటారు, నేను చెప్పిన కథ అంత శుభ్రంగా ఉంది కదా.

మూడు వారాలకు ఆ పిల్లవాడు కట్టెలా బిగుసుకుపోయాడు గానీ ‘అనుమానం’ తగ్గలేదు. అప్పుడు వార్డులో పనిచేసే ఆయమ్మ నాతో అంది, ‘సార్, ఈ పిల్లోడు కొళాయి కాడ నుంచి రాడు సార్, చేతులు కడుక్కుంటానే ఉండాడు.’ ఆ మాట విన్నాక నేను వెళ్ళి అతని పక్కన కూర్చున్నాను. మొదటిసారి సరిగ్గా అడిగాను. ‘ఏం అనుమానం నాయనా? ఎవరి మీద?’ ‘ఎవరి మీదా లేదు సార్. నాయన పత్తికి మందు కొడతాడు. ఆ మందు చేతికంటి, చేతినుంచి గిన్నెకంటి, అన్నంలో పడిందేమోనని అనుమానం. పడలేదని తెలుసు సార్. తెలిసినా మనసు ఊరుకోదు. నా చేతికంటింది చెల్లెలికి అంటి, ఆ పిల్ల చచ్చిపోతుందేమోనని, అందుకే కడుక్కుంటా.’

పడలేదని తెలుసు సార్, తెలిసినా మనసు ఊరుకోదు. పుస్తకంలో ఓసీడీ గురించి, అంటే వద్దన్నా వచ్చే ఆలోచన, దాన్ని ఆపడానికి పదే పదే చేసే పని గురించి, ఇంతకంటే స్పష్టంగా రాసిన వాక్యం నేను చదవలేదు. ఓసీడీకి ఇచ్చే క్లోమిప్రమిన్‌కు మార్చాం, మెల్లగా కోలుకున్నాడు. కానీ ఆ మూడు వారాలు అతని నుంచి నేను తీసుకున్నాను. తిరిగి ఇవ్వలేను.

ఇప్పుడు నేను మిమ్మల్ని అడుగుతున్నాను. నేను క్రైటీరియాను తప్పుగా వాడానా? లేదు. మీరే చూడండి. నేను రాసుకున్న లక్షణాలు నిజమైతే ఆ రోగనిర్ధారణ సరైనదే. నియమాలు సరిగ్గానే వాడాను. తప్పు అంతకంటే ముందే జరిగిపోయింది. ‘అనుమానం’ అన్న తెలుగు మాటను ‘సస్పీషియస్‌నెస్’ అన్న ఇంగ్లీషు మాటగా మార్చిన ఆ ఒక్క క్షణంలో జరిగిపోయింది. తర్వాత నడిచినదంతా ఆ తప్పు మీద కట్టిన మేడ.

మన తెలుగులో ‘అనుమానం’ ఎన్ని పనులు చేస్తుందో ఒకసారి ఆలోచించండి. భార్య మీద అనుమానం అంటే ఒకటి. తాళం వేశానో లేదో అని అనుమానం, అది వేరే. గుండె జబ్బేమోనని అనుమానం, అది ఇంకొకటి. పక్కింటివాళ్ళు చేతబడి చేశారని అనుమానం. లెక్కల్లో ఒక అనుమానం ఉంది సార్ అని పిల్లవాడు క్లాసులో అడుగుతాడు, అందులో జబ్బే లేదు. ఇంగ్లీషు పుస్తకంలో వీటికి నాలుగైదు వేరు వేరు మాటలున్నాయి, నాలుగైదు వేరు వేరు అధ్యాయాలున్నాయి. మన రోగికి ఒకటే మాట. మరి అది ఏ అధ్యాయంలోకి వెళ్ళాలో నిర్ణయిస్తున్నది ఎవరు? రోగి కాదు. ప్రొఫెసర్ కాదు, ఆయన రౌండ్స్‌కు వచ్చేసరికే కేస్ షీట్ ఇంగ్లీషులో ఉంటుంది. నిర్ణయిస్తున్నది మీరు. రాత్రి పదకొండు గంటలకు డ్యూటీలో ఉన్న ఫస్టియర్ పీజీ. ప్రతి మానసిక వార్డులో ఒక అనువాదకుడు పని చేస్తున్నాడు, ఆ పని చేస్తున్నానని అతనికే తెలియదు, ఆ పని ఎలా చేయాలో అతనికి ఎవరూ నేర్పలేదు. నా బాధంతా అదే. ఈ రోజు నేను చెప్పేదంతా అదే.

సరే, కొంచెం వెనక్కి వెళ్దాం. అసలు ఈ క్రైటీరియా ఎందుకొచ్చాయి? చాలామంది పీజీలు డీఎస్ఎం అంటే ఎవరో దేవుడిచ్చినట్టు చదువుతారు. 1952లో మొదటి డీఎస్ఎం వచ్చింది, 1968లో రెండోది. అవి చిన్న పుస్తకాలు, ఒక్కో జబ్బుకు నాలుగు వాక్యాల వర్ణన. ఇద్దరు డాక్టర్లు ఒకే రోగిని చూసి రెండు జబ్బుల పేర్లు చెప్పేవాళ్ళు. ఎందుకలా జరుగుతోందని 1962లో అమెరికాలో వార్డ్ అనే ఆయన, ఆరన్ బెక్, ఇంకొందరు కలిసి లెక్క తీశారు. అవును, ఆలోచనా తీరును మార్చే కాగ్నిటివ్ థెరపీ తెచ్చిన బెక్ గారే. డాక్టర్లు విభేదించిన కేసులు తీసుకుని కారణమేమిటని చూస్తే, రోగి మాట మార్చడం వల్ల వచ్చిన తేడా 5 శాతం. డాక్టరు అడిగే తీరు, చూసే తీరు వల్ల 32.5 శాతం. వర్గీకరణే సరిగ్గా లేకపోవడం వల్ల 62.5 శాతం.

ఈ మూడు అంకెలూ గుర్తుపెట్టుకోండి, ముఖ్యంగా మధ్యది. దాని దగ్గరికి మళ్ళీ వస్తాను.

తర్వాత అమెరికా-బ్రిటన్ కథ. ఇది మీలో చాలామంది వైవా కోసం చదివే ఉంటారు. న్యూయార్క్ ఆసుపత్రుల్లో స్కిజోఫ్రెనియా తెగ రాస్తున్నారు, లండన్‌లో మూడ్ డిజార్డర్లు ఎక్కువ రాస్తున్నారు. రోగులు వేరా, డాక్టర్లు వేరా? వీడియోలు తీసి రెండు దేశాల డాక్టర్లకూ అవే చూపించారు. కెండెల్ బృందం 1971లో ప్రచురించింది. అందులో ఒక రోగిని చూసి అమెరికన్ డాక్టర్లలో 69 శాతం మంది స్కిజోఫ్రెనియా అన్నారు. బ్రిటిష్ డాక్టర్లలో ఎంతమంది అన్నారో తెలుసా? 2 శాతం. అదే వీడియో, అదే భాష, అదే మనిషి. 69 ఎక్కడ, 2 ఎక్కడ!

దాన్ని చూసి ఆ రంగం మొత్తం సిగ్గుపడింది. సిగ్గుపడటం మంచిదే, అందులోంచే పని పుట్టింది. 1972లో సెయింట్ లూయిస్‌లో ఫైనర్ క్రైటీరియా, తర్వాత స్పిట్జర్, ఎండికాట్, రాబిన్స్ చేసిన ఆర్‌డీసీ, అంటే పరిశోధన కోసం రాసిన క్రైటీరియా, 1980లో డీఎస్ఎం-3. అక్కడినుంచి ‘ఇన్నింటిలో ఇన్ని, ఇన్ని రోజులు’ అనే పద్ధతి. ఐసీడీ-10 వర్ణనల పుస్తకం 1992లో వచ్చింది, మనం బ్లూ బుక్ అనేది అదే. కాబట్టి ఈ క్రైటీరియాను ఎవరైనా ‘చెక్‌లిస్ట్ సైకియాట్రీ’ అని కొట్టిపారేస్తే నేను ఒప్పుకోను. 69కీ 2కీ మధ్య ఉన్న ఆ అగాధాన్ని ఎవరో ఒకరు పూడ్చాలి. వాళ్ళు పూడ్చడానికి ప్రయత్నించారు.

కానీ ఇక్కడే మీరు చెవిపెట్టి వినాల్సింది ఉంది. డాక్టర్ల మధ్య తేడా ఎక్కడినుంచి వస్తుందో స్పిట్జర్ వాళ్ళే విడదీసి రాశారు. రోగి నిజంగానే వేరే స్థితిలో ఉండొచ్చు, అదొకటి. వేరే సమయంలో చూసి ఉండొచ్చు. డాక్టర్‌కు అందిన సమాచారం వేరు కావచ్చు. అదే సమాచారాన్ని వేరుగా గమనించవచ్చు, వేరుగా అర్థం చేసుకోవచ్చు. చివరగా, జబ్బుకు పెట్టుకున్న నిర్వచనం వేరు కావచ్చు. క్రైటీరియా వీటిలో దేన్ని సరిచేస్తాయి? చెప్పండి. చివరిదాన్ని. ఆ ఒక్కదాన్నే. సమాచారం తప్పుగా అందితే, గమనించింది తప్పైతే, క్రైటీరియా ఏమీ చేయలేవు. తప్పు సమాచారాన్ని కూడా అవి చక్కగా, క్రమశిక్షణతో ఒక కోడ్‌లోకి చేరుస్తాయి. నా కుర్రాడి విషయంలో జరిగింది అదే కదా. ఇందాకటి 32.5 శాతం, మధ్యది, అది మన చేతుల్లోది. దాన్ని ఏ పుస్తకమూ మన బదులు సరిచేయదు.

ఇంకో ఉదాహరణ చెప్పి చరిత్ర వదిలేస్తాను. డీఎస్ఎం-5 వచ్చే ముందు ఫీల్డ్ ట్రయల్స్ చేశారు. ఇద్దరు డాక్టర్లు వేరు వేరుగా, వేరు వేరు సమయాల్లో అదే రోగిని ఇంటర్వ్యూ చేశారు. మేజర్ డిప్రెషన్‌కు వచ్చిన కప్పా 0.28. కప్పా అంటే మీకు తెలుసు, ఇద్దరి రాత ఎంత కలిసిందో చెప్పే కొలత, 1 అయితే పూర్తిగా ఒక మాట మీదున్నట్టు, 0 అయితే బొమ్మా బొరుసా వేసినట్టు. డిప్రెషన్‌కు, మనం రోజూ ఓపీలో రాసే డిప్రెషన్‌కు, 0.28! ఐసీడీ-11 వాళ్ళు ఇండియాతో సహా 13 దేశాల్లో, 1,806 మంది రోగులతో చేశారు, అంకెలు బాగా మెరుగ్గా వచ్చాయి. పుస్తకం మెరుగైందా? కొంత అయ్యుండొచ్చు. కానీ పద్ధతి చూడండి. అక్కడ ఇద్దరు డాక్టర్లూ ఒకే గదిలో, ఒకే ఇంటర్వ్యూలో కూర్చున్నారు. ఒకే మాట ఇద్దరూ విన్నారు. తర్వాత ఎవరికి వాళ్ళు రాశారు. విన్నది ఒకటైతే రాసేది దగ్గరపడుతుంది. ఇది పీజీ శిక్షణకు ఎంత ఉపయోగపడే విషయమో మనం గమనించలేదు. దీని దగ్గరికీ వస్తాను, కొంచెం ఓపిక పట్టండి.

ఇప్పుడు మన ఓపీకి వద్దాం. రాయలసీమ ఓపీకి.

‘ఆలోచనలు ఎక్కువ సార్.’ ఈ మాట మీరు రోజుకు ఎన్నిసార్లు వింటారు? ఇరవై సార్లు? దాన్ని ఏమని రాస్తారు? కూతురి పెళ్ళి అప్పు గురించి ఆగకుండా వచ్చే దిగులు, ఆలోచనలే. జరిగిపోయినదాన్నే పడుకుని నెమరేసుకోవడం, ఆలోచనలే. గుళ్ళో దేవుడి ముందు నిలబడితే బూతు మాట మనసులోకి రావడం, అదీ ‘పాడు ఆలోచనలు’. ఉత్సాహం హద్దు దాటే మేనియాలో ఒకదాని మీద ఒకటి పరిగెత్తే ఆలోచనలు. ‘నావి కాని ఆలోచనలు నా తలలో పెడుతున్నారు’ అనేది చాలా అరుదుగా వస్తుంది, కానీ వచ్చినప్పుడు ఆ మనిషి కూడా మొదట చెప్పేది ‘ఆలోచనలు సార్’ అనే. ఐదు వేరు జబ్బులు, ఒకే ఫిర్యాదు. మీరు మొదటి మాట దగ్గరే ఆగిపోయి ‘యాంగ్జైటీ’ అని రాసేస్తే అక్కడికి ఇంటర్వ్యూ అయిపోయినట్టే. ఏం ఆలోచన? మీరు తెచ్చుకుంటే వస్తుందా, దానంతటదే వస్తుందా? వద్దనుకుంటే పోతుందా? అది మీ ఆలోచనేనా? ఈ నాలుగు ప్రశ్నలూ తెలుగులో, వాళ్ళ తెలుగులో అడగడం వస్తే సగం సైకియాట్రీ వచ్చినట్టే.

‘నిద్ర లేదు.’ సరే. నిద్ర రాక తెల్లార్లూ పొర్లి, పొద్దున్నే ఒళ్ళంతా పులిసిపోయినట్టు లేచాడా? రెండు గంటలు పడుకుని, నాకింక చాలని లేచి, నడిరాత్రి గొడ్ల దగ్గరికి పోయి పేడ ఎత్తుతున్నాడా? మొదటిది డిప్రెషన్ వైపు, రెండోది మేనియా వైపు. మందులు పూర్తిగా వేరు. రెండో మనిషికి నిద్ర లేదని రాసి ఊరికే యాంటీడిప్రెసెంట్ పెట్టేస్తే మేనియా ఎంత ముదురుతుందో మీరు వార్డులో చూసే ఉంటారు.

‘సంతోషం ఉందా?’ అని ఎప్పుడూ అడగకండి. దయచేసి అడగకండి. అనంతపురం జిల్లాలో శనక్కాయ రైతును, వానల్లేక పంట ఎండిపోయిన సంవత్సరం, ‘మీకు సంతోషం కలుగుతోందా’ అని అడిగితే ఆయన ఏమంటాడు? ‘వాన లేదు, పంట లేదు, ఇంక సంతోషమేంది సామీ’ అంటాడు. మీరు ‘అన్‌హిడోనియా ఉంది’ అని, అంటే దేనిలోనూ సంతోషం కలగని లక్షణం ఉందని, టిక్ పెడతారు. అది అన్‌హిడోనియా కాదు, అది జవాబు. ఆయన జీవితం గురించి ఆయన చెప్పిన సరైన జవాబు. ‘మనవరాలు వచ్చి ఒళ్ళో కూర్చుంటే ఎలా ఉంటుంది?’ అని అడగండి. ‘ఆ కాసేపు బాగుంటుంది సార్’ అంటే ఒకటి. ‘దించెయ్యమంటాను సార్, ఆ పిల్ల ముఖం చూడాలన్నా కూడా లేదు’ అని కళ్ళు తుడుచుకుంటే అది వేరు. ఆ రెండో మనిషిని ఆ రోజు ఇంటికి పంపేముందు పొలానికి కొట్టే మందు ఇంట్లో ఎక్కడ పెడతారో తప్పకుండా అడగండి, పక్కనున్నవాళ్ళతో దాన్ని తీయించండి. ఇది ఏ క్రైటీరియాలోనూ లేదు, కానీ మన ప్రాంతంలో ఇది అడగకుండా ఓపీ చీటీ మీద సంతకం పెట్టకండి.

ఇక రోజుల లెక్క. పుస్తకం రెండు వారాలంటుంది, నెల అంటుంది, ఆరు నెలలంటుంది. మన రోగి ఎప్పుడైనా ‘మూడు వారాలుగా’ అని చెప్పాడా? ‘శనక్కాయ పీకినప్పటినుంచి’ అంటాడు. ‘ఉగాది పోయినాక’ అంటాడు. ‘పీర్ల పండక్కి బాగానే ఉండె’ అంటుంది. మీరు కేస్ షీట్‌లో ‘సిన్స్ వన్ మంత్’ అని రాస్తారు, అది ఎవరి లెక్క? స్కిజోఫ్రెనియాకు డీఎస్ఎం ఆరు నెలలడుగుతుంది, ఐసీడీ ఒక నెలే అడుగుతుంది. అంటే మీ ‘ఒక నెల’ అన్న అంచనా మీద ఒకరి జబ్బు పేరు మారిపోతుంది. మీ ఊరి పంటల క్యాలెండరు మీకు తెలియాలి. సిటీలో పుట్టి పెరిగిన పిల్లలకు మరీ చెబుతున్నాను, వేరుశనగ ఎప్పుడు వేస్తారు, ఎప్పుడు పీకుతారు, మీ చుట్టుపక్కల దేవర, అంటే గ్రామదేవత జాతర, ఏ నెలలో చేస్తారు, ఇది తెలుసుకోవడం మీ సైకోపాథాలజీలో భాగం.

‘టెన్షన్’ గురించి చెప్పక్కర్లేదు. అది ఇంగ్లీషు మాటే అయినా ఇప్పుడు అచ్చంగా మనదైపోయింది. కోపం, భయం, దడ, అప్పు, అత్తగారు, అన్నీ టెన్షనే. అడగండి, ‘టెన్షన్ అంటే మీకు ఏం జరుగుతుందమ్మా? ఒంట్లో ఏమవుతుంది? మొన్న ఎప్పుడొచ్చింది, ఆ రోజు ఏం జరిగింది చెప్పు’ అని. ఒక్క రోజు కథ చెప్పించండి. లక్షణాల జాబితా అడిగితే జాబితా వస్తుంది, రోజు కథ అడిగితే జబ్బు కనపడుతుంది.

పూనకం. దీని గురించి ఒక నిమిషం ఎక్కువ తీసుకుంటాను. ఐసీడీలో ట్రాన్స్, పొసెషన్ డిజార్డర్, అంటే ఒళ్ళు తెలియని స్థితి, పూనకం జబ్బుగా మారడం, ఉంది. ఐసీడీ-10లో ఎఫ్44.3, ఐసీడీ-11లో డిసోసియేటివ్ అధ్యాయంలోనే, అంటే స్పృహ, జ్ఞాపకం తెగిపోయే జబ్బుల్లోనే. మన గూగూడు కుళ్ళాయప్ప స్వామి పీర్ల పండగకు వెళ్ళినవాళ్ళు ఎవరైనా ఉన్నారా ఇక్కడ? హిందువులూ ముస్లింలూ కలిసి చేస్తారు, అగ్నిగుండం తొక్కుతారు, ఒళ్ళు తెలియకుండా ఊగేవాళ్ళుంటారు. ఊరి దేవరలో అమ్మవారు పూనినామెను ఊరంతా దండం పెట్టి సలహా అడుగుతుంది. అది జబ్బా? కాదు. పుస్తకమే కాదని రాసింది. ఆ సమాజం, ఆ మతం ఆచారంగా అంగీకరించినదైతే అది జబ్బు కాదు, మనిషి కోరుకోకుండా, ఆచారం బయట, పదే పదే వచ్చి బాధ పెట్టి బతుకు చెడగొడితేనే అది జబ్బు. కాబట్టి అడగాల్సింది ‘పూనకం వస్తుందా’ అని కాదు. ‘ఎప్పుడొస్తుంది, ఎక్కడొస్తుంది, రావాలని కోరుకుంటారా, వచ్చిపోయాక ఇంట్లోవాళ్ళు ఏమంటారు’ అని. బావి దగ్గర నీళ్ళు తోడుతూ పడిపోయి, అత్త గొంతుతో అరిచి, లేచాక ఏమీ గుర్తులేక ఏడ్చే కోడలు వేరు. దేవర రోజు పసుపు పూసుకుని ఊగిన ముసలమ్మ వేరు. ఇద్దరికీ ఊరు ఒకే మాట వాడుతుంది.

ఇక్కడ ఒక మాట. ఐసీడీ-11 వర్ణనల పుస్తకం 2024లో అచ్చయింది. దాన్ని తెరిచి అందరూ ఏం చేస్తారు? ‘ఎసెన్షియల్ ఫీచర్స్’ చదివి మూసేస్తారు. ప్రతి జబ్బు కిందా ‘మామూలుతనానికీ జబ్బుకూ హద్దు ఎక్కడ’ అని ఒక భాగం ఉంది, ‘సంస్కృతికి సంబంధించిన విషయాలు’ అని ఇంకో భాగం ఉంది. నేను చెప్పేదేమిటంటే ఫస్టియర్‌లో ఈ రెండు భాగాలు ముందు చదవండి. జాబితా తర్వాత. డిప్రెషన్‌లో డీఎస్ఎం తొమ్మిదింటిలో ఐదు, ఐసీడీ-11 పదింటిలో ఐదు, నిరాశను అదనంగా చేర్చారు, ఇవి పరీక్షకు మూడు రోజుల ముందు చదివినా వస్తాయి. హద్దు ఎక్కడో తెలియడం మూడేళ్ళు పడుతుంది. ఇంకా చెప్పాలంటే ఆ తొమ్మిదింటిలో కనీసం ఐదు, అందులో దిగులో ఆసక్తి పోవడమో ఒకటి తప్పనిసరి అనే లెక్క ప్రకారం డిప్రెషన్ 227 రకాల కలయికల్లో రావచ్చు. 227! అన్నిటికీ ఒకే పేరు. జాబితా మాత్రమే చూసేవాడికి వాటి మధ్య తేడా కనపడదు.

ఇంతవరకు విని ‘సార్ క్లాసిఫికేషన్ వద్దంటున్నారు’ అని ఎవరైనా అనుకుంటే, కాదు. అస్సలు కాదు. ఎందుకు కాదో చెప్తాను.

పంతొమ్మిదేళ్ళ అమ్మాయి. పెళ్ళి సంబంధం కుదిరింది. ఉన్నట్టుండి నాలుగు రోజుల్లో మనిషి మారిపోయింది, కాసేపు ఏడుపు, కాసేపు నవ్వు, దేవత మాట్లాడుతోందంటుంది, మర్నాడు పోలీసులొస్తున్నారంటుంది. మూడు వారాల్లో పూర్తిగా మామూలైపోయింది. ఈ అమ్మాయి చీటీ మీద ‘స్కిజోఫ్రెనియా’ అని రాస్తే ఏమవుతుంది? మందు ఎన్నేళ్ళు వేయాలన్న లెక్క మారుతుంది, పెళ్ళి మాట సరేసరి. ఇలా గబుక్కున వచ్చి గబుక్కున పోయే జబ్బు మన దేశంలో ఎప్పటినుంచో చూస్తున్నాం. పడమటి పుస్తకాల్లో దానికి సరైన చోటు ఉండేది కాదు. ఐసీడీ-10లో అక్యూట్ అండ్ ట్రాన్సియెంట్ సైకోటిక్ డిజార్డర్ అని చోటు దొరికిందంటే అందులో మన డాక్టర్ ఎన్.ఎన్. విగ్ లాంటివాళ్ళ కృషి ఉంది. ఆయనే 1960లో ధాత్ సిండ్రోమ్ అని పేరు పెట్టింది, మన ఓపీలో కుర్రాళ్ళు తలొంచుకుని ‘ధాతువు పోతోంది సార్’ అంటారే, వీర్యం పోతోందన్న దిగులు, అది. 1967లోనే మన దేశానికి తగిన వర్గీకరణ ఇలా ఉండాలని ఆయన, గుర్మీత్ సింగ్ కలిసి ప్రతిపాదన రాశారు. చూశారా, మన రోగి చెప్పినదాన్ని ఒక మనిషి శ్రద్ధగా విని రాసిపెడితే ప్రపంచపు పుస్తకంలో ఒక గది ఏర్పడింది. కాబట్టి వర్గీకరణ అనేది పై నుంచి ఊడిపడేది కాదు, ఇక్కడి వార్డుల్లోంచి కూడా పైకి వెళ్తుంది. మీరు రాసే కేస్ షీట్‌కు అంత విలువ ఉంది.

చట్టం సంగతి కూడా ఉంది. మెంటల్ హెల్త్‌కేర్ చట్టం 2017, సెక్షన్ 3. మానసిక వ్యాధిని దేశీయంగా గానీ అంతర్జాతీయంగా గానీ ఆమోదం పొందిన వైద్య ప్రమాణాల ప్రకారమే నిర్ధారించాలి, ఐసీడీ తాజా ఎడిషన్‌తో సహా. అదే సెక్షన్ ఇంకో మాట అంటుంది, మనిషి రాజకీయ, ఆర్థిక, సామాజిక స్థితిని బట్టి గానీ, కులమతాలను బట్టి గానీ, సమాజం నీతిగా అనుకున్నదాన్ని అతను పాటించలేదని గానీ మానసిక రోగి అనకూడదు. గతంలో ఒకసారి ఆసుపత్రిలో ఉన్నాడన్న ఒక్క కారణంతో ఇప్పుడూ రోగి అనకూడదు. ఇంట్లో ఇష్టం లేని పెళ్ళి చేసుకున్న ఆడపిల్లను ‘పిచ్చి పట్టింది సార్, చేర్చుకోండి’ అని తీసుకొస్తారు. తీసుకురారా? అప్పుడు మీ చేతిలో ఉన్న క్లాసిఫికేషన్ ఆ అమ్మాయికి రక్షణ. ‘ఈమెకు జబ్బు లేదు’ అని చెప్పగలగడానికి కూడా జబ్బు అంటే ఏమిటో ఒక కొలత కావాలి. సదరం సర్టిఫికెట్ కోసం వచ్చే కుటుంబానికీ అంతే, మీరు సరైన పేరు రాయకపోతే ఆ మనిషికి రావాల్సింది రాదు.

మరి శిక్షణలో ఏం చేయాలి? నేను చేస్తున్నది చెప్తాను, మీ డిపార్ట్‌మెంట్లలో వీలైతే చేయండి.

కేస్ షీట్ మొదటి పేజీ తెలుగులో. తెలుగు లిపిలో. రోగి చెప్పింది చెప్పినట్టు, రాయలసీమ యాసతో సహా. ‘చేతులు కడుక్కుంటానే ఉండాడు’ అంటే అలాగే. దాని పక్కన మీ ఇంగ్లీషు మాట రాసి, ఆ ఇంగ్లీషు మాట ఎందుకు ఎంచుకున్నారో ఒక్క లైను. తెలుగు మాట లేకుండా ఇంగ్లీషు టర్మ్ ఒక్కటే ఉన్న కేస్ షీట్ నేను రౌండ్స్‌లో చూడను, పక్కన పెట్టేస్తాను. మొదట్లో పీజీలకు కష్టమనిపించింది. కొందరికి ఇంటర్ నుంచి ఇంగ్లీషే అలవాటు, తెలుగు రాయడం మర్చిపోయారు. కొందరు వేరే రాష్ట్రాల నుంచి వచ్చారు, వాళ్ళకు తెలుగే రాదు, వాళ్ళు స్టాఫ్ నర్సును, ఆయమ్మను పక్కన కూర్చోబెట్టుకుని రాయించుకుంటారు. అదీ మంచిదే. నా కుర్రాడి జబ్బు కనిపెట్టింది ఆయమ్మే కదా.

ఇద్దరు కలిసి వినడం. ఇందాక ఐసీడీ-11 ట్రయల్స్ గురించి చెప్పానే, అదే. వారానికి ఒక్క కేసు చాలు. ఇద్దరు పీజీలు ఒకే గదిలో, ఒకరు అడుగుతారు, ఇంకొకరు వింటారు. బయటికొచ్చి ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా విడివిడిగా రాస్తారు. తర్వాత రెండూ పక్కపక్కన పెట్టి చూస్తాం. రెండింట్లో కోడు ఒకటే వచ్చిందా లేదా అని కాదు చూసేది. రోగి అన్న ఏ మాటను ఎవరు ఏమని రాశారు, ఎక్కడ విడిపోయారు, అది చూస్తాం. విడిపోయిన చోట మళ్ళీ లోపలికి వెళ్ళి రోగినే అడుగుతాం. రోగులు ఎంత సంతోషంగా చెబుతారో మీరు ఊహించలేరు. ‘నేను చెప్పింది వీళ్ళకు సరిగ్గా అర్థం కావాలని ఇద్దరు డాక్టర్లు మళ్ళీ వచ్చారు’ అనుకుంటారు.

డయాగ్నసిస్ పెన్సిల్‌తో రాయండి అంటాను నేను. నిజంగా పెన్సిల్‌తో కాదు, కంప్యూటర్‌లోకి వెళ్ళేది వెళ్ళనివ్వండి. ఆరు నెలల తర్వాత ఆ రోగి ఫాలోఅప్‌కు వచ్చినప్పుడు రాసిన పీజీనే పిలిచి, పాత కేస్ షీట్ చూడకుండా మళ్ళీ రాయమంటాను. మారితే ఎందుకు మారింది? జబ్బు మారిందా, మీరు వినే తీరు మారిందా? థర్డ్ ఇయర్‌లో ఉన్నవాళ్ళు ఫస్టియర్‌లో తాము రాసినవి చూసుకుని చాలాసేపు మౌనంగా కూర్చుంటారు. ఆ మౌనంలో జరిగే చదువు ఏ లెక్చర్‌లోనూ జరగదు.

డిస్ట్రిక్ట్ రెసిడెన్సీకి, అంటే జిల్లాలోని ఆసుపత్రుల్లో పనిచేయడానికి, మూడు నెలలు వెళ్తారు కదా, మీలో కొందరు ఇప్పటికే వెళ్ళొచ్చారు. అక్కడ మీ పక్కన ప్రొఫెసర్ ఉండరు. మనకు ఆనుకునే ఉన్న బళ్ళారిలో 1985లో బెంగళూరు మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వాళ్ళు పీహెచ్‌సీ డాక్టర్లకు, ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి జిల్లా మొత్తానికి మానసిక వైద్యం ఎలా అందించవచ్చో చేసి చూపించారు. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి ఆధారం అదే. అక్కడ ఊరూరూ తిరిగే కార్యకర్తకు కోడ్లు అక్కర్లేదు. ఊళ్ళో జనం ఏ మాటతో ఏ బాధ చెబుతారో తెలిస్తే రోగిని పట్టుకోగలరు. మీరు ఏరియా ఆసుపత్రిలో ఉన్న మూడు నెలలూ ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. ఆ మండలంలో బాధను చెప్పడానికి వాడే మాటలు రాసుకోండి. ఆదోని మాటలు వేరు, హిందూపురం మాటలు వేరు, అక్కడ కన్నడం కలుస్తుంది. కడపలో ఉర్దూ కలుస్తుంది, ‘పరేషాన్’ అంటారు, ‘ఘబ్రాహట్’ అంటారు. పెద్ద దర్గాకు వెళ్ళొచ్చి మీ దగ్గరికి వచ్చేవాళ్ళుంటారు, అక్కడ వాళ్ళేం చెప్పుకున్నారో కూడా అడగండి, చిన్నచూపు లేకుండా అడగండి. మీరు వెళ్ళిపోయాక తర్వాత వచ్చే పీజీకి ఆ నోట్‌బుక్ ఇవ్వండి.

టైమ్ అయిందా? ఇంకో పది నిమిషాలుందా, మంచిది. అయితే నేను మాట్లాడటం ఆపుతాను, మీరు చేయండి. మొన్ననే చెప్పాను కదా, ఒక్కొక్కరు ఒక్కో కేస్ షీట్ తెచ్చుకోమని, పేరూ ఊరూ కొట్టేసి. మూడో వరుసలో ఆ చివర కూర్చున్న అమ్మా, నువ్వు తెచ్చావు, చేతిలో కనపడుతోంది. పైకి రా. మైకు తీసుకో. డయాగ్నసిస్ చెప్పొద్దు, ఆ కాగితం మడిచి పెట్టు. ఆమె వచ్చి కుర్చీలో కూర్చున్నాక మొదట నీతో అన్న మాట ఏమిటి? ఇంగ్లీషులో వద్దమ్మా, ఆమె అన్నది అన్నట్టు చదువు.